పదకొండు సెకన్లు

మొదట నేను తగాదాకే మెట్లెక్కాను.
నవంబరు, టాంపెరె, మూడున్నరకే చీకటి.
పై వాటాలోంచి మా వంటింట్లోకి
జిగురు వాసన దిగుతోంది.
నలభై ఏళ్లు బూట్లు కుట్టినవాణ్ణి,
వాసన పట్టి చెప్పగలను:
చవక రకం, అదీ మందంగా పూశాడు.

తలుపు తీసింది తూరె. ట్రాము నడుపుతాడు.
ఒంటికి చెత్తసంచీ, దాని మీద వెండిరంగు టేపు
చంకల దాకా చుట్టుకుని ఊపిరాడక నిలబడ్డాడు.
"కాస్త వెనక కత్తిరిస్తారా?" అన్నాడు.
తెచ్చుకున్న తిట్లు నోట్లోనే ఉండిపోయాయి.
కత్తెర అందుకున్నాను.
అతని మొండెం బోలుగా ఊడొచ్చి
పాము విడిచిన కుబుసంలా కుర్చీలో కూలబడింది.
అదీ కవచానికి కొలత.

గోడ మీద ఒకటే బొమ్మ, పాత సినిమాను ఆపి తీసింది.
రాజు కాదు, వీరుడు కాదు,
కోట తలుపు దగ్గర ఒక కావలివాడు.
పదకొండు సెకన్లు ఉంటాడు. ఒక్క మాటా లేదు.
బాణం తగిలి పడిపోతాడు.
"వీడే ఎందుకు?"
"చిన్నప్పుడు, మళ్లీ లేస్తాడేమోనని
అయిపోయేదాకా చూస్తూ కూర్చునేవాణ్ణి."

మొదటి ఛాతీపలక ఫోముతో.
వేడి ఎక్కువై అప్పడంలా ముడుచుకుంది.
రెండోది వంగింది గాని మెడ కోసింది.
మూడోదానికి ప్లాస్టిక్ షీటు ఓవెన్లో మెత్తబరిచి
అచ్చు మీద పరిచి, కింద నుంచి
ఇల్లూడ్చే వాక్యూముతో గాలి లాగాం.
ఫ్యూజు పోయింది.
చీకట్లో టిక్కుటిక్కుమంటూ గట్టిపడింది,
సగం ఛాతీ, సగం పళ్లెం.
లాగాం అన్నాను చూశారా. అప్పటికే మేం ఇద్దరం.

రంగు మీద వారం వాదించుకున్నాం:
అతని తెర మీద ఆకుపచ్చ, నా టీవీలో బూడిద.
నాలుగోదాని రంగు ఆరలేదు, బయట మైనస్ ఇరవై.
కింది సౌనాలో పై బల్ల మీద ఆనించి వచ్చాం.
హెల్వి గారు తువ్వాలు చుట్టుకుని వెళ్లి
మసక వెలుతురులో, తల లేని ఆ ఛాతీకి
శుభసాయంత్రం చెప్పి, జరిగి కూర్చుందట.

నేను నేర్పింది ఒకటే:
జిగురు పూయగానే అతికించకు.
రెండు వైపులా పల్చగా పూసి, కాఫీ తాగి రా.
వేలికి అంటనప్పుడే అది అతుక్కుంటుంది.
మనుషుల సంగతి నాకు తెలీదు, తోలు సంగతి అంతే.

ఐదోది అచ్చంగా కుదిరింది. కుడీ ఎడమా సరిసమానం.
బొమ్మ పక్కన నిలబెట్టి
చాలాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
ఏదో తేడా.
ఇంటికెళ్లి నా భూతద్దం తెచ్చాను.
సినిమా కవచంలో
కుడివైపు రివిట్లు బారుగా ఉన్నాయి,
ఎడమవైపువి ఒరిగాయి.
భుజం పట్టీ అంచు కోసిన వాలు చూడగానే తెలిసింది.
"చేసినవాడిది ఎడమచేతి వాటం.
చివర్లో తొందరపడ్డాడు. తెల్లారితే షూటింగు కాబోలు."
పేరు లేదు, ఊరు లేదు,
నిద్రలేని ఒక చెయ్యి
ఆ బొమ్మలోంచి మా గదిలోకి వచ్చింది.

ఇక ఆ తప్పును తప్పు లేకుండా చేయాలి.
వంకరగా కొట్టాలని కొడితే
రివిటు నటిస్తుంది.
ఎడమచేత్తో పదిహేడు పాడుచేశాడు.
రాత్రి డ్యూటీ దిగొచ్చి, కళ్లు మూతలు పడుతూ కొట్టిన
పద్దెనిమిదోది
దానంతట అదే ఒరిగింది.

మార్చిలో తొడుక్కున్నాడు.
కూర్చోలేడు. ముక్కు గోక్కోలేడు. లిఫ్టులో పట్టలేదు.
వంగి బూటు తాళ్లు కట్టుకోవడం కలలో మాట.
గోడ పట్టుకుని, మోకాళ్లు తిట్టుకుంటూ
నేనే కిందికి దిగాను.

బూట్ల గురించి ఎవరూ అడగరు.
కాని పదకొండో సెకనులో వాడు వెల్లకిలా పడతాడు కదా,
అప్పుడు అరికాలు రెప్పపాటు మనవైపు తిరుగుతుంది.
మడమకు అర్ధచంద్రపు లాడం. ఏడు మేకులు.
ఎనిమిదో మేకు ఊడిన చోట ఉత్త రంధ్రం.

ఆ రంధ్రం నేను పెట్టాను.