నూట నలభై రెండు గళ్ళు

పంతొమ్మిదేళ్ళు ఆ తెల్లగీతల మధ్యే నడిచాను.
నది ఒడ్డు పార్కింగు, నూట నలభై రెండు గళ్ళు.
ఆల్ప్స్ మీంచి దిగే గాలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే
నోటితో ఊదుకుంటూ
వైపర్ కింద జరిమానా చీటీ దోపి
తరవాతి బండి దగ్గరికి.
పదకొండు వేల మంది ఉన్న ఊళ్ళో
ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్ళకి
పలకరింపులు తక్కువ.
బేకరీలో బొగోమిర్ నాకిచ్చే రొట్టె
ఎప్పుడూ నిన్నటిదే.

ఆ ఏడు మున్సిపాలిటీలో సభ పెట్టారు.
బడిలో జీవశాస్త్రం చెప్పే టింకారా
గోడమీద పాత పటం పరిచింది.
తారు లేని రోజుల్లో అక్కడ తడి మైదానం,
విల్లో పొదలు,
వరదొస్తే నది కాళ్ళు చాపుకునే చోటు.
"తిరిగి ఇచ్చేద్దాం" అంది.
ఆ మాటకి అందరూ జేబులు తడుముకున్నారు.
మాంసం కొట్టు అలోయ్జ్ లేచాడు:
"నా కొట్టుకొచ్చేవాళ్ళు బండి నెత్తిన పెట్టుకు రావాలా?"
చప్పట్లు.
మేయరు నీళ్ళు నమిలాడు.
వెనక వరసలో నేనూ చెయ్యెత్తాను,
వద్దు అని.
నా జీతం ఆ గళ్ళలోనే ఉంది మరి.
రెండు చేతుల తేడాతో గెలిచాం.
అందులో ఒకటి నాది.

నీరు పల్లమెరుగు.
పటాలు గీసేవాళ్ళే మరిచిపోతారు.
అక్టోబరు చివర ఒక అర్ధరాత్రి నది లోపలికొచ్చి
నూట నలభై రెండు గళ్ళలోనూ
తనే నిలిచింది,
చిల్లర వెయ్యకుండా, మూడు రోజులు.
ఇంకుదామంటే తారు నోరు తెరవదు.
అక్కణ్ణుంచి ఊళ్ళోకి తిరిగింది:
అలోయ్జ్ చల్లగది,
బొగోమిర్ పిండి బస్తాలు,
మా మెట్ల కింద నా సైకిలు.

బురద తోడే రోజుల్లో
ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.
బక్కెట్లు చేతులు మారాయి.
నా చేతిలోంచి అలోయ్జ్ చేతిలోకి,
అతని చేతిలోంచి బోస్నియా తాపీమేస్త్రీ రెఫిక్ చేతిలోకి.
కొట్టుకొచ్చిన ఎవరిదో తలుపు
భోజనాల బల్ల అయింది.
తడవకుండా మిగిలిన ఒక్క బస్తా పిండితో
బొగోమిర్ రొట్టెలు కాల్చి తెచ్చాడు.
నాకు వేడిది దొరికింది.
తినలేక కాసేపు
అలా పట్టుకు కూచున్నాను.

రెండో సభలోనూ అలోయ్జ్ వద్దనే అన్నాడు.
మనిషి మారలేదు, లెక్క మారింది.
కానీ తారు పెకలించే రోజు
గునపంతో అందరికంటే ముందొచ్చింది అతనే.
"నేను ఓడిపోయిన పనైనా సరిగ్గా జరగాలి కదా"
అని గొణిగాడు.
తారు కింద మట్టి
చాన్నాళ్ళుగా తియ్యని గదిలా వాసనేసింది.
అందులో దొరికిన గుర్రపు నాడా కోసం
పిల్లలు కొట్టుకున్నారు.

ఇప్పుడక్కడ రెల్లు ఉంది, దోమలూ ఉన్నాయి.
దోమల మీద ఫిర్యాదులు ఇంకా ఎక్కువున్నాయి.
ఊరి చివర బండ్లాపి ఎక్కే చిన్న కరెంటు బస్సు
ఒక్కరోజూ వేళకి రాదు.
మోకాళ్ళ నొప్పుల ల్యుద్మిలా నన్ను చూసి
నాలుక చప్పరిస్తుంది,
బస్సు నేనే నడుపుతున్నట్టు.

నా జీతం సగమైంది.
పొద్దున్న ఏడింటికి వంతెన కింద కొలబద్ద చూసి
నీటిమట్టం రాయడం నా పని.
కొత్త పుస్తకం ఇవ్వలేదు వాళ్ళు.
మిగిలిపోయిన చీటీల వెనక రాస్తున్నాను:
"ఒక మీటరు పన్నెండు. మబ్బు. కొంగ ఒకటి."
ముందువైపు అచ్చు అలాగే ఉంది:
బండి నంబరు,
చేసిన తప్పు,
ఎంతసేపు నిలిచారు.

నిన్న ఆ మూల, పెకలించడం మరిచిన తారు చెక్క మీద
మూరెడు తెల్లగీత కనిపించింది.
ఒక కప్ప
సరిగ్గా గీత లోపలే కూచుంది.
అలవాటు కొద్దీ
వాచీ చూసుకున్నాను.