సీసం

మందస సంతలో పదకొండేళ్ళు
తూకం వేశాను.
జీడిపిక్కలు, చింతపండు, కొండచీపుర్లు.
నా రెండు కిలోల గుండు అడుగున
కాసింత సీసం, నూట అరవై గ్రాములు.
పలాసలో ఒకాయన కరిగించి పోసి
పైన నల్లరంగు కూడా పూసిచ్చాడు.
ఎందుకని అడగలేదు,
వంద ఎక్కువ తీసుకున్నాడు.

ఏడుపు నాకు కొత్తేమీ కాదు.
ఉజ్జీవ కూటాల్లో మూడుసార్లు
ముందుకెళ్ళి మోకరించాను.
మూడోసారి వెక్కిళ్ళు ఆగక
జకర్యా పాస్టరుగారు మంచినీళ్ళు తెప్పించారు.
షామియానా కింద అందరూ ఆమేన్ అన్నారు.
మా సువార్తమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.
మర్నాడు సంత.
సంచిలో గుండు,
గుండు కింద సీసం,
సీసం కింద నేను.

ఆ నెల మొదటి ఆదివారం
ప్రభువు బల్ల పళ్ళెం మా వరుసకొచ్చింది.
వేలెడు గ్లాసులో ద్రాక్షరసం.
ఎత్తానో లేదో
చెయ్యి దానంతటదే తూచేసింది:
గ్లాసుతో కలిపి ముప్పై గ్రాములు.
పాపం, చెయ్యేం చేస్తుంది!
దానికి నేను నేర్పిన చదువదొక్కటే.
నేనిచ్చింది పట్టుకుని
ఆయన రక్తాన్ని కూడా తూచింది.

గ్లాసు తిరిగి పళ్ళెంలో పెట్టేశాను.
ఒంట్లో బాగోలేదేమో అనుకుని
ఎలీషా మాస్టారు కాస్త జరిగి చోటిచ్చారు.

ఆ రాత్రి పాత చిట్టా తీశాను.
పేర్లు, తారీఖులు, కిలోలు.
దొంగతనాన్ని కూడా
శుభ్రంగా గళ్ళు గీసి రాసుకున్నాను.
నాలుగింతలిచ్చే స్తోమత లేదు.
తిన్నది తిన్నంత కక్కడానికే
బండి అమ్మాల్సొచ్చింది.
"ఏడిస్తే సరిపోనేదా?" అంది సువార్తమ్మ.
దెప్పడం కాదు, నిజంగానే అడిగింది.

మారుమనస్సుకి కాళ్ళుంటాయని
అప్పటికి నాకూ తెలీదు.
ఆటో ఆగిపోయిన దగ్గర్నుంచి రెండు గంటలు నడక.
మహేంద్రగిరి మీద మబ్బు.
సగం దారిలో చెప్పు తెగింది.
ఈ దారినే కదా
తలమీద బుట్టతో వాళ్ళు దిగేది,
అనుకున్నాను మొదటిసారి.

సవర సుక్కాయి వాకిట్లో పసుపు దంచుతోంది.
దారిపొడుగునా కూర్చుకున్న మాటల్లో
'సీసం' ఒక్కటే నోటికొచ్చింది.
గుండు తీసి ముందు పెట్టాను.
రోకలి ఆగలేదు.

"ఎరికే బావూ.
నీ రెండు కేజీలు మా కుంచానికి
ఏనాడూ సరిపడ్నేదు.
మాయమ్మకీ ఎరికే.
ఇంకెవులికి అమ్ముతాం మరి?"

పదకొండేళ్ళు నేను దాచాననుకున్నది
ఎవరి దగ్గరా దాగలేదు.
పైవాడి దగ్గరే కాదు,
ఈమె దగ్గరా.
నా సీసాన్ని మోస్తూ దిగి,
నా సీసాన్నే మోస్తూ ఎక్కారు.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది.
నోట్లు కొంగున ముడేసి, తలెత్తి,
"చింతపండుది ఏదీ?" అంది.

చింతపండు!
మరిచేపోయాను.
చిట్టాలోనూ లేదు.

"మళ్ళీ వస్తాను," అన్నాను.
"రా," అంది.
క్షమించానని ఆమె అనలేదు,
అడగడానికి నాకూ నోరు రాలేదు.
గుండుని కాలితో జరిపి
గాలికి కొట్టుకోకుండా
తలుపుకి ఒత్తుగా పెట్టుకుంది.

దిగుతూ ప్రార్థన చేద్దామనుకున్నాను.
ప్రభువా, అన్నాక
చింతపండే గుర్తొచ్చింది.
ఏ ఏడాది, ఎన్ని బుట్టలు,
ఎండినదా, పచ్చిదా.
లెక్క తప్పిన చోటల్లా ఆగాను.
ఎవరో పక్కన ఆగినట్టే అనిపించింది,
తొందరేం లేదు, మొదట్నుంచి చెప్పు, అన్నట్టు.

ఇంకా ముప్పయ్యారు పేర్లున్నాయి.
రేపు చెప్పు కుట్టించుకోవాలి.
మళ్ళీ పళ్ళెం నా వరుసకొచ్చేనాటికి
ఆ చిన్న గ్లాసు బరువెంతో
ఈ చేతికి తెలియకుండా పోతే
అంతే చాలు.