నీళ్ళంటే సున్నా

పొద్దున్నే మొదటి పని
నీళ్ళ బుడ్డిని బల్ల మీద పడుకోబెట్టడం.
నీళ్ళకు సున్నా రావాలి.
గాలికి మైనస్ వెయ్యి.
అజ్మాన్‌లో ఈ లెక్క చూసినప్పుడల్లా నవ్వొస్తుంది నాకు,
సముద్రాన్ని కాచి, వడగట్టి తాగే ఊళ్ళో
నీళ్ళ విలువ సున్నా.

మాకు రెండు గదులు.
మూడో నంబరులో పాత మెషీన్, పదకొండేళ్ళది,
పిల్లల కోసం అంటించిన చేప స్టిక్కరు
తోక ఊడి వేలాడుతుంటుంది.
నాలుగులో కొత్తది. ప్లాస్టిక్ వాసన ఇంకా పోలేదు.

పాతదానిలో కిరణం వచ్చి స్ఫటికాన్ని తాకుతుంది.
స్ఫటికం మెరుస్తుంది.
ఆ మెరుపునంతా దోసిట పట్టి
మొత్తం ఇంత, అంటుంది పాతది.
ఎన్ని వచ్చాయి, ఏది బలంగా వచ్చింది,
ఏది దారిలోనే నీరసించింది, అడగొద్దు.
హుండీ విప్పి బోర్లించి
నోట్లూ చిల్లరా కలిపి కాటా వేసినట్టు.

కొత్తదానిలో మెరుపు మధ్యవర్తిత్వం లేదు.
కిరణం పడిన చోటే చిన్న అదురు.
ఒకటి.
ఇంకొకటి.
దేని బరువు దానికి తూచి
వేరు వేరు గురుగుల్లో వేస్తుంది.
కరెంటు తనలో తాను గొణుక్కునే గోలను
గడప దగ్గరే ఆపేస్తుంది.

కంపెనీ ఇంజనీరు షిజు మూడు రాత్రులు కూర్చున్నాడు,
కరక్ చాయ్ కప్పులు కిటికీలో పేర్చుకుంటూ.
గీతల దిమ్మె పెట్టి రెండిట్లోనూ తీశాం.
పాతదానిలో ఏడో వరుస దాటితే బూడిద.
కొత్తదానిలో పదమూడో వరుస కూడా దువ్వెన పళ్ళు.
డోసు సగం.
అయితే పదును పెంచేకొద్దీ బొమ్మ గరుకెక్కుతుంది,
ఆ శాపం కొత్తదాన్నీ వదల్లేదు.
ఒక తెల్లవారుజామున ఉత్త నీళ్ళలో
ఎవరో రాయి వేసినట్టు వలయం కనబడింది.
షిజు తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాడు.

నాలుగో గదిలో ఆరో పేషెంటు, చెట్‌పెల్లి లింబన్న.
వంటగట్టు రాళ్ళు కోసే షెడ్డులో తొమ్మిదేళ్ళు.
మెరిసే ఆ రాయి నూటికి తొంభై పాళ్ళు ఇసుకే, రంగు కలిపిన ఇసుక.
ఆరు నెలల కింద మూడో గదిలో తీసినప్పుడు
పై భాగాల్లో పల్చటి మసక.
పాత ఇన్ఫెక్షన్ కావచ్చు, అని రిపోర్టు.
మళ్ళీ షెడ్డుకే పోయాడు.

మెషీన్ గొంతుకు అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు, ఉర్దూ వచ్చు.
దాని నోరు మూసి నేనే మైకులో అన్నాను,
"ఊపిరి బిగబట్టండి అన్నా."
గాజుకు అవతల పాదాలు రెండూ ఉలిక్కిపడ్డాయి.
నాలుగు సెకన్లు కూడా పట్టలేదు.

మసక విడిపోయింది.
గసగసాలు.
ఒక్కో గింజా అంచుతో సహా.
లెక్కపెట్టడం మొదలుపెట్టి
నలభై దగ్గర మానేశాను.

అప్పటిదాకా అనుకునేదాన్ని,
ఒక్కొక్కటిగా లెక్కపెట్టడమే గొప్పని.
కిటికీలోంచి కంపెనీ బస్సు కనబడుతోంది.
మెట్టు దగ్గర సూపర్‌వైజరు, వేలితో గాలిని పొడుస్తూ,
ఇరవై ఆరు, ఇరవై ఏడు.
అతనూ ఎవర్నీ కలిపి లెక్కపెట్టడు.
ఒకడు తగ్గితే ఫోను తీస్తాడు.

డాక్టర్ మైసూన్ పోలిక కాగితం అడిగింది,
అంచుల స్పష్టత, గరుకుదనం, అయిదుకు ఎన్ని.
పాత బొమ్మ తెరిచి పక్కన పెట్టాను.
ఎక్కడ చూడాలో ఇప్పుడు తెలుసు కదా,
కుడి వైపు పైన,
మసకలో మూడు ఉన్నాయి.
అప్పుడూ ఉన్నాయి.
ఆ రోజు తీసింది నేనే, కింద నా సంతకం.

కాగితంలో దానికి గడి లేదు.

లింబన్న చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.
కుట్లలో తెల్లటి పొడి, ఉతికినా పోనిది.
తెర వైపు మెడ సాచి, సిగ్గుపడుతూ,
ఫొటో స్టూడియోలో అడిగినట్టు అడిగాడు,
"కొత్త మిషన్ల మంచిగ వడ్డనా, అక్కా?"