కుడి నుంచి ఎడమకి

మనామాలో దిగిన మూడోరోజు.
ఎనభై నాలుగు జూన్, చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్క.
కంట్రాక్టు కంపెనీ మేడ మీద జీతాల గదిలో
కీబోర్డు నిండా నాకు తెలియని అక్షరాలు:
చీలిన సున్న, తోకున్న కొక్కెం,
తలకిందులైన త్రిభుజం,
మన బండి ఱకి దూరపు చుట్టంలాంటిదొకటి.
ఏపీఎల్ అన్నారు దాని పేరు.
"కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, మా అరబ్బీలాగే"
అని నవ్వాడు పక్క బల్ల జాఫర్ హుబైల్.

నాకది కొత్త కాదు.
బాపట్ల అచ్చాఫీసులో మా నాన్న కంపోజిటరు.
సీసపు అక్షరాల్ని తిరగేసి పేర్చేవాడు,
కొమ్ము ఒక గడిలోంచి, ఒత్తు ఇంకో గడిలోంచి.
తప్పు ఎక్కడుందో వేలికొసతో తడిమి చెప్పేవాడు.

ఈ భాషలో "ఒక్కొక్కరికీ" అనక్కర్లేదు.
పదకొండు వందల మందిని ఒకే పేరుతో పిలిస్తే
అందరూ ఒకేసారి తల తిప్పి చూస్తారు.
గంటల పట్టీ పక్కన రేట్ల పట్టీ,
మధ్యన ఒక్క గుణకారం గుర్తు.
సిత్రా క్యాంపు మొత్తం ఓవర్‌టైము
నా టీ చల్లారకముందే తేలిపోయేది.
గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.
"ఇది ప్రోగ్రామా, తాయెత్తా?" అనేవాడు జాఫర్
నా ఒంటిలైను వైపు వంగి.

వెళ్ళిపోయినవాళ్ళ కోసం వేరే పట్టీ,
అన్నీ ఒకట్లూ సున్నలూ.
ఒకటున్న వరస నిలుస్తుంది,
సున్న ఉన్నది జారిపోతుంది.
చెరపడం కాదు, జల్లెడ పట్టడం.
వీసా అయిపోతే సున్న. కంపెనీ మారితే సున్న.

జక్కుల రాజలింగు, వరస ఆరువందల నలభై.
"సారూ, నా గంటలు తక్కువ పడ్డయి"
అని మెట్లెక్కి వచ్చాడు ఒక శుక్రవారం.
చూస్తే నిజమే, రెండున్నర గంటలు.
తప్పు నాదే. దిద్దాను.
మర్నాడు పొట్లంలో ఖర్జూరాలు పంపించాడు,
నలిగినవి, తియ్యనివి.

తొంభై ఏడు ఆగస్టులో
పరంజా మీంచి పడ్డాడు.
సల్మానియా ఆస్పత్రి కాగితం నా బల్ల మీదికొచ్చింది.
ఒకటి తీసి సున్న కొట్టాను.
ఒక్క మీట.
ఆ నెల లెక్క కూడా టీ చల్లారకముందే అయింది.
టీ తాగలేదు.

దీపం బుడ్డిలాంటి గుర్తొకటుంది ఈ భాషలో.
దాని తర్వాత ఏం రాసినా యంత్రం చదవదు,
మనుషులు చదువుకోడానికే.
ఆ సున్న ఉన్న లైను చివర
దీపం పెట్టి అతని పేరు రాశాను.
ఎవరూ అడగలేదు.
తర్వాత పోయినవాళ్ళకీ పెడుతూ వచ్చాను,
జాఫర్‌తో సహా. అతని పేరు అరబ్బీలోనే,
దానికెటూ కుడి నుంచి ఎడమేగా.

ఇప్పుడు కొత్త సిస్టం వస్తోంది.
త్రిసూర్ అమ్మాయి షెరిన్ నా ఒంటిలైనుని
నాలుగువందల లైన్లుగా విప్పింది.
తప్పులేదు, బాగానే రాసింది,
కాకపోతే మడత విప్పిన పట్టుచీరలా గదంతా పరుచుకుంది.
"అంకుల్, ఈ దీపాలేంటి? ఇవీ మార్చాలా?"
"వాటితో లెక్కకి పనిలేదమ్మా" అన్నాను.
ఒక్కొక్కటీ చదివింది. ఎనభై మూడు.
కొత్త టేబుల్లో ఒక ఖాళీ గడి చేర్చింది.
దానికేం పేరు పెట్టాలో తోచక
అలాగే వదిలేసింది.

ఈ గురువారం నా గ్రాట్యుటీ.
మొదటి మూడేళ్ళకి ఏటికి సగం నెల,
ఆపైన ఏటికో నెల,
ఆ లైనూ నేనే రాసుకున్నాను కుర్రతనంలో,
ముప్ఫై ఏడేళ్ళు దాంట్లో పడతాయని అనుకోకుండా.
నన్నేమీ ప్రత్యేకంగా చూడలేదది.
ఆ నెల వెళ్ళే పదిహేడు మందితో కలిపి
దినార్లూ ఫిల్సులూ ఒక్కసారే చెప్పింది.

సున్న కొట్టాల్సిందీ నేనే.
మీట మీద అంకె ఎప్పుడో అరిగిపోయింది,
వేలికి మాత్రం దారి తెలుసు.
కొట్టాక, అలవాటు కొద్దీ
దీపం దాకా వెళ్ళిన చెయ్యి ఆగింది.
బతికున్నవాడికెందుకులే అనుకున్నాను.
కింద కరక్ కొట్టువాడు
గ్లాసులు కడుగుతున్న చప్పుడు.