దగ్గు ఉన్న వెర్షన్

చీమకుర్తిలో రాళ్ళు కోసే బ్లేడు
ఒకే శ్రుతిలో ఏడుస్తుంది, పగలూ రాత్రీ.
దాని పక్కన నిలబడి తడి పలకలు తుడుస్తూ
మా కోటమ్మత్త పాడుకునేది.
సెల్లు జేబులోనే ఉంచి పట్టుకున్నా ఆ పాటని.
నిమిషం పదకొండు సెకన్లు,
మధ్యలో మూడు దగ్గులు.

రాత్రి ఖాజావలి సౌండ్స్ షెడ్డులో
ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేనూ కోశాను.
గొంతు ఒక పక్క, బ్లేడు ఒక పక్క,
దగ్గులు చెత్తబుట్టలో.
బ్లేడు అరుపుని సాగదీసి కిందికి దించితే
బేసు అయింది.
నిమిషానికి నూట ఇరవై ఎనిమిది దెబ్బలు పరిచాను.
పాటకి ముందు ముప్పై రెండు దెబ్బలు ఉత్తగా వదిలాను,
ఇంటికి ముందు అరుగులాగా.
ఇంకొకడి పాట వచ్చి కాసేపు కూర్చుని
లోపలికి పోవాలిగా.

సంతనూతలపాడు ఊరేగింపులో మోగించాం.
ట్రాలీ వెనక కుర్రోళ్ళు,
చెప్పులు చేతబట్టుకుని పెద్దోళ్ళు,
కరెంటు తీగల్ని వెదురుగడతో ఎత్తిపట్టే చెంచురామయ్య కూడా
గడ వదలకుండానే ఊగాడు.

అత్త సోడాబండి పక్కన నిలబడి విన్నది.
"నా పాటేనంట్రా అది?
నేను ఏడ్చినకాడ ఈళ్ళు ఎగరతన్నారేంది?"

పాత పాటకి కొత్త కాళ్ళు,
వినని చెవికి ఇంకో దారి,
నేను నేర్చుకున్న జవాబులన్నీ నోట్లోనే ఉండిపోయాయి.
ఏదీ ఆమె మొహాన అనగలిగే మాట కాదు.

ఆమే అన్నది, సోడా గోలీ లోపలికి నొక్కుతూ:
"మా అయ్య కాలంలో క్రేన్లెక్కడియ్యి.
మోకులేసి రాయి లాగేటప్పుడు
ఈ పాటకే అడుగేసేవోళ్ళు, నలభైమంది.
ఏడుపైతే ఏంది, అందరి కాలూ ఒక్కసారి పడాల.
లేకపోతే రాయి ఎవుడో ఒకడి మీదికొచ్చుద్ది."

కాసేపాగి,
"అంతా బానే ఉంది గానీ
నా దగ్గేడ బెట్టినావురా?"

చెత్తబుట్టలోంచి తెచ్చాను మూడింటినీ.
రెండు, తాళంలో ఎక్కడో కలిసిపోయాయి.
మూడోది ఎంతకీ ఇమడలేదు.
చివరికి, బేసు విరుచుకుపడే ముందు
అన్నీ ఆపేసే ఆ ఒక్క జానెడు నిశ్శబ్దంలో
ఒంటరిగా పెట్టాను.

మొన్న పేర్నమిట్ట కాడ మోగింది.
డప్పు లేదు, బ్లేడు లేదు,
బాక్సులు ఊపిరి బిగబట్టాయి.
అత్త దగ్గింది.
గాల్లోకి లేచిన చేతులు గాల్లోనే ఉన్నాయి.
ఆ గుంపులో సగంమంది పాలిషింగ్ ఫ్యాక్టరీ వాళ్ళే.
వెనకనించి ఎవరో తిరిగి దగ్గారు.

రాయి కదిలిందో లేదో నాకు తెలీదు గానీ
కాళ్ళన్నీ ఒక్కసారి పడ్డాయి.