మనిషి ముందు ఒక 'ఆ'

సాంతోన్యా రేవులో పొద్దున ఆరింటికే
ఉప్పులో ఏడాది మాగిన ఆంచోవీలు బల్ల మీదికొస్తాయి.
ఒబ్దూలియా తడిగుడ్డ మీద చేపను చీల్చుతూ,
గోటితో ముల్లు లాగుతూ
నాకు స్పానిష్ నేర్పుతుంది.

ఎస్తే అంటే ఈ కత్తి, నా చేతిలోది.
ఎసే అంటే నీ దగ్గరున్న ఆ కత్తి, తుడిచి ఇటివ్వు.
అకేల్ అంటే,
గడ్డంతో కిటికీ వైపు చూపింది,
అల్లదిగో, ఆ గట్టుకీ అవతలిది.

మూడు దూరాలు!
మా ఇంట్లో వొలోఫ్ మాట చివర
దగ్గరికో 'ఇ', దూరానికో 'ఆ',
రెండింటితోనే మా అమ్మ
మేకల్నీ మమ్మల్నీ గదమాయించేది.

పోర్, పారా దగ్గర నాలుక జారింది.
నా చెవికి రెండూ 'కోసం'.
చెల్లి కోసం పనిచేస్తున్నానని 'పారా' పెట్టి చెప్పా.
బల్ల బల్లంతా నవ్వింది.
"మీ చెల్లెలా ఈ ఫ్యాక్టరీ ఓనరు?
జీతం పెంచమని చెప్పవే కుంబా!"
తర్వాత ఒబ్దూలియా మెల్లగా చెప్పింది:
వెనకనుంచి తోసేది పోర్,
ముందునుంచి లాగేది పారా.
నన్ను రెండూ పట్టుకున్నాయి మరి, అన్నాను.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఎస్పేరార్,
ఎదురుచూడ్డానికీ ఆశపడ్డానికీ ఒకటే మాటట.
పిసినారి భాష!
బస్సు కోసం చూస్తే ఊరికే ఎస్పేరో.
మనిషి కోసమైతే
ఆ మనిషి ముందు ఒక 'ఆ' పెట్టాలి,
కూర్చోడానికి పీట వేసినట్టు.
వస్తువులకి పీట అక్కర్లేదు.

పదింటి విరామంలో
కాఫీ గ్లాసు కిటికీ అంచున పెట్టి
తనలో తనే అనుకుంటోంది:
ఎస్పేరో ఆ లా బెనీగ్నా.
బెనీగ్నా ఎవరు, మీ అక్కా?
"పడవ."
పడవకి 'ఆ' పెట్టకూడదన్నావుగా?
"అందులో ఐదుగురున్నారు."

పాఠం బాగా వంటబట్టిన పిల్లలా
బయట కట్టేసిన పడవల్ని వేలితో చూపించా:
ఎస్తే? ఎసే?
ఆమె కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది.
"అకేల్" అంది.
నేను చూసిన వైపు
నీళ్లు తప్ప ఏమీ లేవు.

బల్ల దగ్గరికొచ్చి మరో చేప తీసుకుంది.
వెన్నుముల్లు విరక్కుండా మొత్తంగా ఊడొచ్చింది.
వెలుతురుకి ఎత్తి చూసి బకెట్లో వేసింది.

"కుంబా, నీ చేతులు ఆగిపోయాయి."