తలకాయ ఏం చేశారండి

ఎనిమిదే కుర్చీలండి, హోటలంతా కలిపి.
భీమవరం, జువ్వలపాలెం రోడ్డు, రొయ్యల కంపెనీ మేడ మీద.
బోర్డు లేదు. మెనూ లేదు. పాటలు లేవు.
ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే చెక్క,
ఏళ్ల తరబడి మోకులు రాసుకున్న పడవ అంచంత నున్నగా.

నేను చేప ఇచ్చేసి పోదామనొచ్చాను.
బియ్యపుతిప్ప పండుగప్ప, నాలుగు కేజీలు,
తోక దగ్గర వల కోసిన గాటు.
రావాల్సినాయన ఎవరో రాలేదంట, ఒక కుర్చీ ఖాళీ.
జపాను పెద్దాయన నా చేతుల వంక చూశాడు.
పొలుసులింకా అంటుకునే ఉన్నాయి.
మాట మార్చి చెప్పే పిల్ల, పాలకోడేరు హిమజ,
"నెత్తురు ఇంత శుభ్రంగా తీసింది మీరేనా అంటున్నారు,
కూర్చోమంటున్నారు" అంది.
రాజుగారు గొంతు సవరించుకుని
"కూర్చో ధనకాసులూ" అన్నారు, గోడకేసి చూస్తా.

కాళ్లు కడుక్కుని కూర్చున్నానండి.

ముప్పయ్యేళ్లు కత్తిపీట మీద కోశాను.
మా కత్తి కదలదు. కాలికింద తొక్కిపెట్టి
చేపనే దాని మీదికి తీసుకెళ్తాం.
ఈయన దగ్గర చేప పడుకునే ఉంటది,
కత్తే నెమ్మదిగా దాని దగ్గరికొస్తది.
ఒక్కసారి వెనక్కి లాగితే
అవతలి వేలు కనపడేంత పల్చన.

తర్వాత అన్నం.
ఎడం చేతిలో ముక్క, కుడిచేత్తో ఇంత అన్నం,
రెండు వేళ్లతో ఒక నొక్కు, తిప్పి ఇంకో నొక్కు.
ముద్దండి.
ఎవరే పేరు పెట్టుకున్నా అది ముద్దే.
ఒక మగమనిషి ఎదురుగా నిలబడి
ముద్ద చేసి నా ముందు పెట్టి
నేను తినేదాకా ఆగటం,
నాకు ఊహ తెలిశాక అదే మొదలు.

చద్దన్నం పులుపు. గోరువెచ్చన.
ముక్క కింద ఆకుపచ్చ పూతేదో
నాలిక జోలికి పోకుండా, కొత్తావకాయ ఘాటులా
సూటిగా ముక్కులోకెక్కింది.
పైటతో కళ్లు తుడుచుకుంటే
పక్క కుర్చీ ఆయన చూడనట్టు టీ తాగాడు.

ఐదో ముద్దో ఆరోదో. గుర్తుపట్టాను.
పండుగప్ప పొట్ట ముక్క. నాదే.
సాయంత్రం దాకా నా ఐసు పెట్టెలో ఉన్నదే.
ఎన్ని అమ్మానో లెక్క లేదు, పొట్ట తినటం ఇదే.
మంచి ముక్క ఎప్పుడూ కాటాలోకి పోద్ది,
ఇంటికి తలకాయలొస్తాయి.
నమలక్కర్లేదండి. నోట్లో పోటొచ్చి
చప్పుడు లేకుండా పాటు తీసింది.

అందరూ కళ్లు మూసుకుని ఆహా అంటున్నారు.
"తలకాయ ఏం చేశారండి?" అన్నాను నేను.

హిమజ కాస్త తటపటాయించి, అడిగింది.
పెద్దాయన కత్తి కింద పెట్టేశాడు.
లోపలికెళ్లి, తెల్లగుడ్డలో చుట్టి, రెండు చేతులా తెచ్చి,
నడుం వంచి ఏదో అన్నాడు.
హిమజ ఆ మాట మార్చలేదు. నేనూ అడగలేదు.

ఆఖరి బస్సు, నర్సాపురం దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను.
దీనికీ టికెట్టు కొట్టనా అన్నాడు కండక్టరు.

మర్నాడు పులుసు పెట్టాను.
మట్టి దాక, సర్వి పుల్లల సన్నసెగ,
మిరపకాయలు నిలువునా చీల్చి, నాలుగు బెండకాయలేసి.
రాత్రంతా ఊరనిచ్చి, తెల్లారి మొదటి బస్సుకి క్యారేజీ కట్టాను.

కంపెనీ వెనక మెట్ల మీద కూర్చున్నాడండి ఆయన.
పుల్లలడగలేదు.
మొదటి ముద్ద నేనే కలిపి అరచేతిలో పెట్టి
చేతులు కట్టుకుని ఆగాను.
చెంప కండ ఎక్కడుంటదో చెప్పక్కర్లేకపోయింది.
కళ్లమ్మట నీళ్లు. మిరపకాయే అయ్యుంటది.

"పద్దెనిమిది వేలు" అన్నాను.
మొన్న రాత్రి ఒక్కో కుర్చీకి అంతేనంట మరి.
హిమజ ఇంకా మాట మార్చనే లేదు,
నా మొహం చూసి ముందే నవ్వేశాడు,
పంటి సందులో ముల్లు తీసుకుంటా.